అక్క వింటున్నది

హిందూపురంలో నబీసాబ్ ఇంటి వాకిట్లో పొద్దున్నే దూది ఏకే మిషను మొదలవుతుంది. అది ఆగేసరికి ఇంటిల్లిపాదీ ముసలివాళ్లయినట్టు తలలు తెల్లబడి ఉంటాయి. కొడుకు ఫిరోజ్ తల దులుపుకొని, కుట్టిన పరుపును సైకిల్ వెనక కట్టుకొని, అడిగినవాళ్ల ఇంట్లో ఇచ్చి వస్తాడు. అదీ పనున్న రోజు మాట. ఊళ్లో స్పాంజి పరుపుల అంగళ్లు వచ్చినాక పనిలేని రోజులే ఎక్కువైనాయి. అట్లాంటి రోజుల్లో నబీసాబ్ పాత దూదినే మళ్లీ మిషన్లో వేసి తిప్పుతుండేవాడు. ఆ చప్పుడు లేకపోతే ఆయనకు తోచదు.

ఇన్ని పరుపులు కుట్టే మనిషి భార్య షంషాద్‌బీ మాత్రం రెండేళ్లుగా కటిక నేల మీద పడుకుంటున్నది. పెద్దకూతురు నాజ్నీన్ ఇల్లు వదిలినప్పటి నుంచి అంతే. నాజ్నీన్ బెంగళూరు కాల్ సెంటర్లో పనిచేస్తూ, తనతో పనిచేసే ఏసుదాసు అనే పెనుకొండ అబ్బాయిని పెళ్లి చేసుకున్నది. ఆ మాట చెప్పడానికి ఇంటికొస్తే నబీసాబ్ గడప దాటనియ్యలేదు. "పో! నాకు కూతురే లేదు" అన్నాడు. ఆ కేక వీధి చివర బడ్డీకొట్టు దాకా వినబడింది. నాజ్నీన్ వచ్చిన ఆటోలోనే తిరిగి పోయింది. తర్వాత ఆమె ఫోను పలకలేదు. ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు.

అది 2007. ఫిరోజ్ డిగ్రీ తప్పినాడు. రెండోసారీ తప్పినాడు. బస్టాండు దగ్గర బాలాజీ నెట్ సెంటర్లో తుపాకుల ఆట ఆడటం తప్ప అతనికి బాగా వచ్చిన పని ఇంకొకటి లేదు. ఆ ఆటలో గోడ అవతల నడిచే శత్రువు అడుగుల చప్పుడు విని, ఎటునుంచి వస్తున్నాడో చెప్పగలిగేవాడు. ఆడి ఆడి కళ్లు ఎర్రబడి ఇంటికొస్తే నబీసాబ్ ఏమీ అనేవాడు కాదు. పళ్లెం మాత్రం గట్టిగా నేలకు కొట్టేవాడు.

ఒకరోజు బాలాజీ అతన్ని పక్కకు పిలిచినాడు.

"రేయ్ ఫిరోజూ, బెంగళూరులో ఒగ కంపెనీ ఉండాది. కొత్త ఆటలు బయటికి రాకముందు ఆడి, తప్పులు పట్టేదానికి మనుషులు కావాలంట. జీతమిస్తారు. వచ్చే సోమవారం పరీక్ష. మైకున్న హెడ్‌సెట్ మాత్రం ఎవురిది వాళ్లే తెచ్చుకోవల్ల."

"నాకు వస్తుందంటావా అన్నా?"

"నీకు రాకపోతే ఇంగెవురికి వస్తుందిరా. ఇది తప్పితే నీకు వేరే దోవ లేదప్పా. చెప్తాండా గుర్తుపెట్టుకో."

కొత్త హెడ్‌సెట్ కొనే తాహతు ఫిరోజ్‌కు లేదు. అట్లాంటివాళ్లందరూ పోయినట్టే అతనూ యోహాను అంగడికి పోయినాడు. బెంగళూరు కాల్ సెంటర్లు పారేసిన హెడ్‌సెట్లను గోనెసంచుల్లో తెచ్చి, తుడిచి, వైర్లు అతికించి అమ్ముతాడు యోహాను. పాతవి చవగ్గా రావడానికి కారణం అందరికీ తెలిసిందే. ముందు వాటిని వాడినవాళ్లు ఇప్పుడు ఎక్కడుండి ఏం వింటుంటే అది కొంచెం కొంచెం మన చెవుల్లోనూ పడుతుంది. వైరు తగిలించినా అంతే, తగిలించకపోయినా అంతే. బాడుగ ఇంట్లో పాతవాళ్ల పోపు వాసన మిగిలినట్టు. కొనేవాళ్లు ఆ రొద తక్కువున్నదాన్ని ఏరుకుంటారు.

ఫిరోజ్ బల్ల ముందు కూర్చొని ఒక్కొక్కటే పెట్టుకొని చూసినాడు. మొదటిదాంట్లో ఎవరో పిల్లలకు కన్నడంలో ఎక్కాలు చెప్పిస్తున్నారు. ఇంకొకదాంట్లో మొగుడూ పెళ్లాం గ్యాసు బండ గురించి తగవులాడుతున్నారు. మరొకదాంట్లో గురక.

"పగటిపూట గురకేందన్నా?"

"ఆయప్పకు నైట్ డ్యూటీ. రాత్రి బాగుంటాది, తీసుకో" అన్నాడు యోహాను. ఫిరోజ్ మొహం చూసి లోపల్నుంచి నల్లది ఒకటి తెచ్చినాడు. "ఇది సూడు. గమ్మునుంటాది. ఆటకు ఇట్లాంటిదే కావల్ల."

నిజమే. దాంట్లో ఏమీ లేదు. చెరువు అడుగున కూర్చున్నంత నిశ్శబ్దం. దాని పాత ఓనరు ఏమైనాడని ఫిరోజ్ అడగలేదు, యోహాను చెప్పలేదు. అట్లాంటివి ఎవరూ అడగరు. మైకు బాగుంది, రెండు చెవుల్లోనూ శబ్దం సమంగా ఉంది. బేరం కుదిరింది. యోహాను దాన్ని కవర్లో వేయబోతుంటే, బల్ల మీద మిగిలిపోయిన బూడిదరంగు దాన్ని ఫిరోజ్ ఊరికే తలకు తగిలించుకున్నాడు. దాని ఎడమ చెవి మెత్త చినిగి లోపలి స్పాంజి రాలిపోతున్నది.

కుట్టు మిషను చప్పుడు. ఆగింది. పసిబిడ్డ ఏడుపు. తర్వాత ఒక ఆడగొంతు, బాగా దగ్గరగా, "ఉండు పుట్టమ్మవ్వా, ఈ జాకెట్టు అయిపోతానే పాలిస్తా" అన్నది.

ఫిరోజ్ చేతులు బల్ల మీద అట్లే ఉండిపోయినాయి. అది అక్క గొంతు.

"ఇది కావాలన్నా" అన్నాడు.

"దాంతో ఆడలేవప్పా. పొద్దస్తమానం మిషను కొట్టుకుంటానే ఉంటాది. అడుగులు యాడ వినపడతాయి నీకు?"

"ఇదే కావాలన్నా."

రెండూ కొనే దారి లేదు. యోహాను అతని కళ్లల్లోకి చూసి, నల్లదాన్ని మళ్లీ లోపల పెట్టేసినాడు.

ఆ వారమంతా ఫిరోజ్ దాన్ని తల మీద నుంచి తియ్యలేదు. నెట్ సెంటర్లో ఆడుతుంటే అడుగుల చప్పుడు మీద కుట్టు మిషను పడేది, తుపాకీ మోత మీద బిడ్డ ఏడుపు పడేది. పిల్లకాయల చేతిలో కూడా ఓడిపోవడం మొదలైంది. బాలాజీ తల పట్టుకున్నాడు. ఫిరోజ్‌కు మాత్రం ఆట కన్నా అవతలి మాటలే కావాలి. అక్క తనలో తను మాట్లాడుకునే మనిషి కాదు. పుట్టమ్మ అనే ముసలామె మాత్రం వచ్చినోళ్లందరికీ అంతా చెప్పేది. ఏసుదాసు పోయినేడాది లారీ కింద పడి పోయినాడు. అతని తల్లి అంతకుముందే లేదు. అతను పుట్టి పెరిగిన పెనుకొండలోనే, దూరపు చుట్టమైన పుట్టమ్మ ఇంటి ముందు గదిలో నాజ్నీన్ జాకెట్లు కుట్టుకొని బతుకుతున్నది. "మాట్లాడదమ్మా. తిన్న్యావా అంటే తిన్న్యా అంటాది. కుండ చూస్తే అన్నం అట్లే ఉంటాది."

ఫిరోజ్ బస్సెక్కి పెనుకొండకు పోయినాడు. హెడ్‌సెట్ పెట్టుకొని కొండ కింది వీధులన్నీ తిరిగినాడు. పుట్టమ్మ ఇల్లు ఏదంటే, ఏ పుట్టమ్మ అని అడిగినారు. ఆ ఊళ్లో వీధికొక పుట్టమ్మ ఉన్నట్టుంది. దర్గా దగ్గర కూర్చొని చీకటి పడేదాకా విన్నాడు. మిషను ఆడుతూనే ఉంది. ఎక్కడ ఆడుతున్నదో తెలీలేదు. చివరి బస్సు వచ్చింది. ఇంట్లో అమ్మానాయనలకు ఏం చెప్పాలో తెలియక ఏమీ చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం నబీసాబ్ కంట్లో ఆ చినిగిన చెవి మెత్త పడింది.

"ఇదేనా నువ్వు రేపు పెట్టుకోని పోయేది? పరుపులు కుట్టేవాని కొడుకు ఇట్ల చినిగింది తగిలించుకోని పోతే నవ్వరా? ఇటియ్యి."

"వద్దులే నాయనా, బాగానే ఉండాది."

"ఇటియ్యిరా."

ఇచ్చేసినాడు. నబీసాబ్ మెత్త విప్పి, మంచి దూది తీసి వేళ్లతో విడదీసి నింపి, సన్న సూదితో అంచు కుట్టినాడు. మెత్తగా ఉందో లేదో చూడటానికి తలకు పెట్టుకున్నాడు. ఫిరోజ్ తలుపు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

నాయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. సూదికి దారం వేలాడుతూనే ఉంది. ఆయన తలెత్తలేదు, హెడ్‌సెట్ తియ్యలేదు. మసీదులో సందెవేళ మగ్రిబ్ అజాన్ అయింది. షంషాద్‌బీ దీపం వేసి, అన్నానికి పిలిచి, మళ్లీ పిలిచి ఊరుకున్నది. నబీసాబ్ దూది మధ్యలో అట్లాగే కూర్చొని వింటూనే ఉన్నాడు. చివరికి తీసి కొడుకు చేతికిచ్చినాడు.

"కుట్టినా. పొద్దున్నే బండి ఉండాది కదా, పో, పండుకో."

నాయనకు ఆ గొంతు గుర్తు తెలీలేదా, తెలిసీ రాయి అయిపోయినాడా అని ఫిరోజ్ కుమిలిపోయినాడు. హెడ్‌సెట్ చెవులకు పెట్టుకున్నాడు. అక్క ఊపిరి తప్ప ఏమీ లేదు. నిద్ర పట్టని మనిషి ఊపిరి అది.

సోమవారం పొద్దున హిందూపురం స్టేషన్లో బెంగళూరు బండి కోసం నిలబడి ఫిరోజ్ మళ్లీ హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. ఈరోజు కుట్టు మిషను లేదు. బస్సు ఇంజను, కండక్టరు విజిలు. ఒక మగగొంతు అంటున్నది: "ధర్మవరం స్టేషన్లో అందురూ ఒగ తావనే ఉండండి. నంబులపూలకుంట వాళ్లు, ఓబులదేవరచెరువు వాళ్లు ఆడికే వస్తారు. బొంబాయి బండెక్కితే ఇంగ కువైట్ చేరినట్టే అనుకోండి. ఏమమ్మా, ఏడుస్తాండావా? బిడ్డను ముసలామె చూసుకుంటాదిలే."

అక్క బిడ్డను వదిలి కువైట్‌కు పనికి పోతున్నది. తలెత్తి చూస్తే, పట్టాల అవతల రెండో ప్లాట్‌ఫారం మీద, ధర్మవరం వైపు పోయే బండి కోసం నిలబడి ఉన్నాడు నబీసాబ్. పండక్కు వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాయన నిన్న సాయంత్రమే హెడ్‌సెట్‌లో ఈ ప్రయాణం సంగతి విన్నాడని, పరీక్ష పోగొట్టుకుంటానని తనకు చెప్పలేదని ఫిరోజ్‌కు అప్పుడు అర్థమైంది. నబీసాబ్ చెయ్యెత్తి ఊపినాడు. నువ్వు పో, నీ బండెక్కు అని. అంతలో బెంగళూరు బండి వచ్చి ఇద్దరి మధ్యా ఆగింది. ఫిరోజ్ బోగీలోకి ఎక్కినాడు. ఎక్కి, మూటలనూ మనుషులనూ తోసుకుంటూ అవతలి తలుపు దాకా పోయి, పట్టాల మీదికి దూకి, రెండో ప్లాట్‌ఫారం ఎగబాకినాడు.

నబీసాబ్ తిట్టలేదు. కొడుకు మోచేతికి గీసుకున్న రక్తం తన తెల్లచొక్కా అంచుతో తుడిచినాడు.

ధర్మవరం బండి నత్తలాగ నడిచింది. కిటికీ పక్కన కూర్చొని ఫిరోజ్ వింటున్నాడు. నబీసాబ్ ఉండి ఉండి అడుగుతున్నాడు.

"ఏమంటాంది?"

"ఏమీ అనలేదు నాయనా. చాయ్ అమ్మేవాడు అరుస్తాండాడు. స్టేషన్లోనే ఉండాది."

"ఇప్పుడు?"

"ఎవురో ఆడామె, పాపకు ఎన్ని నెలలని అడుగుతాంది."

"ఏం చెప్పింది?"

"చెప్పలేదు. ఏడుస్తాంది."

నబీసాబ్ మోకాళ్ల మీద తల ఆనించినాడు. ధర్మవరం ఇళ్లు కనబడుతుండగానే బండి ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ఇంజను కూత పెట్టింది, కదల్లేదు. ఫిరోజ్ చెవిలో బొంబాయి బండి ఒకటో ప్లాట్‌ఫారానికి వస్తున్నదని మైకులో చెప్పడం వినబడింది.

"దిగు నాయనా" అన్నాడు. కంకర రాళ్ల మీద తండ్రీకొడుకులు పరుగెత్తినారు. నబీసాబ్ చెప్పు తెగింది. రెండోదీ వదిలేసి పరుగెత్తినాడు.

ప్లాట్‌ఫారం నిండా జనం. కువైట్‌కు పోయే ఆడవాళ్లు ఒక్క గుంపు కాదు, ఎన్నో గుంపులు. అందరివీ నల్ల బురఖాలు, అందరి పక్కనా కొత్త సూట్‌కేసులు. సాగనంపడానికి వచ్చినవాళ్ల ఏడుపులు. మొహాలు చూసుకుంటూ పోయేంత వ్యవధి లేదు. ఫిరోజ్ నడిమధ్య నిలబడి నోటికి చేతులు అడ్డం పెట్టి అరిచినాడు.

"అక్కా!"

ఆ కేక హెడ్‌సెట్‌లో అతనికే వినబడింది. చాలా చిన్నగా, దూరంగా. అక్క చెవిలో పడిన తన గొంతు అది. ఆటలో రోజూ చేసే పనే ఇది. కుడికి పరుగెత్తి అరిచినాడు, ఇంకా చిన్నదైంది. వెనక్కి తిరిగి మెట్లవంతెన వైపు పోయి అరిచినాడు, పెద్దదైంది. జనం పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తున్నారు. అరుస్తూ, వింటూ, అరుస్తూ పోయినాడు. తన గొంతు తన చెవిలో దగ్గర పడుతున్నది. ఉన్నట్టుండి అక్క ఊపిరి బిగబట్టింది. తర్వాత గబగబా అడుగులు, తలుపు కిర్రుమన్న చప్పుడు, తన కేక గోడ అవతలిదైపోయింది.

ఆడవాళ్ల వెయిటింగ్ రూము. మగవాళ్లు లోపలికి పోకూడదు. ఫిరోజ్ కిటికీ కింద నిలబడి, "అక్కా, నేను ఫిరోజ్‌ను! బయటికి రాక్కా!" అన్నాడు.

హెడ్‌సెట్‌లో ఎవరో అడిగినారు, "నిన్నేనా పిలుస్తాండేది?"

"నన్ను గాదు" అన్నది నాజ్నీన్. "నాకెవురూ లేరు."

ఫిరోజ్ కిటికీ వదిలి వెనక్కి తిరిగినాడు. హెడ్‌సెట్ తీసి నాయన చేతిలో పెట్టినాడు. "వద్దంటాంది నాయనా. రాదంట."

నబీసాబ్ దాన్ని తలకు పెట్టుకొని, ఛాతీ నిండా ఊపిరి పీల్చి పిలిచినాడు.

"నాజ్నీన్! బయటికి రా!"

ఆ గొంతు కిటికీలోంచి లోపలికి పోయి, కూతురి చెవుల్లో పడి, అక్కణ్నుంచి ఆయన చెవుల్లోకి వచ్చింది. నబీసాబ్ ఉలిక్కిపడినాడు. దానితోపాటే ఆమె గుండె దడదడ కొట్టుకోవడం వినబడింది. రమ్మని పిలిచినాడు. వినబడింది మాత్రం రెండేళ్ల కిందట పొమ్మన్న గొంతే. మిషను మోత మీద మాట్లాడి మాట్లాడి అట్లయిపోయిన తన గొంతు బిడ్డకు ఎట్లా వినబడుతుందో ఆయనకు ఆ రోజు దాకా తెలీదు.

గొంతు తగ్గించి మళ్లీ పిలిచినాడు. అదీ హుకుం లాగే ఉంది. లోపల ఆమె ఇంకా దూరం జరిగింది. బొంబాయి బండి కూత వేసుకుంటూ వచ్చి నిలబడింది. జనం తోసుకున్నారు. ఆడవాళ్లను కువైట్‌కు పంపే ఏజెంటు పేర్లు పిలవడం మొదలుపెట్టినాడు. నబీసాబ్ గోడకు నుదురు ఆనించి, ఒట్టి కాళ్లతో, కళ్లు మూసుకొని నిలబడినాడు. చెప్పాలని బండిలో అనుకున్న మాటలన్నీ పోయినాయి.

"నాజూ" అన్నాడు. నిద్రపోయే బిడ్డ పక్కన అనుకున్నట్టు అన్నాడు. "అన్నం తిన్న్యావామ్మా?"

ఆ గొంతు తనకు తిరిగి వినబడినప్పుడు నబీసాబ్ దాన్ని గుర్తుపట్టలేదు. ఎవరో ముసలాయన. అలిసిపోయినట్టున్నాడు.

లోపల అడుగులు కిటికీ దగ్గరికి వచ్చినాయి. తర్వాత, హెడ్‌సెట్‌లోనూ కిటికీలోంచీ ఒక్కసారే వచ్చింది.

"లేదు నాయనా."

నాజ్నీన్ బయటికి వచ్చింది. ఎముకలగూడులా ఉంది. ఫిరోజ్ క్యాంటీన్ నుంచి చిత్రాన్నం పొట్లం తెచ్చినాడు. బెంచీ మీద తండ్రికీ తమ్ముడికీ నడుమ కూర్చొని ఆమె తలెత్తకుండా తిన్నది. ఏజెంటు వచ్చి ఎగిరినాడు. "ఏమ్మా, అంతా ఒప్పుకోని ఇప్పుడిట్ల చేస్తే ఎట్ల?" నబీసాబ్ లేచి ఆయనకు చేతులు జోడించినాడు. ఏజెంటు తిట్టుకుంటూ పోయి బండెక్కినాడు. బండి కదిలిపోతుంటే నాజ్నీన్ ఒక్కసారి దానివైపు చూసి, మళ్లీ ముద్ద కలుపుకున్నది. ఆ వేళకు బెంగళూరులో పరీక్ష మొదలై ఉంటుంది. ఫిరోజ్ ఆ మాట ఎత్తలేదు. ఆ ఉద్యోగం అతనికి తర్వాతా రాలేదు.

మధ్యాహ్నం బస్సులో పెనుకొండకు పోయినారు. పుట్టమ్మ ఇల్లు ఫిరోజ్ అంతకుముందు వెతికినప్పుడు రెండుసార్లు దాటిపోయిన సందులోనే ఉంది. ముసలామె గడపలో బిడ్డను ఒళ్లో వేసుకొని కూర్చొని ఉంది. నాజ్నీన్‌ను చూసి బిడ్డను చేతికిచ్చింది. బిడ్డ పాలు తాగింది. తాగినాక కొత్త మనుషులను చూసి ఏడుపు లంకించుకున్నది.

"పేరేం పెట్టినావు?" అడిగినాడు నబీసాబ్.

నాజ్నీన్ బిడ్డను భుజానికెత్తుకున్నది. "నీలావతి. వాళ్లమ్మ పేరు నాయనా. ఆడపిల్లయితే ఇదేనని కడుపులో ఉన్నప్పుడే ఆయన పెట్టుకున్న్యాడు."

నబీసాబ్ గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఏమంటాడోనని నాజ్నీన్ బిడ్డను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నది.

"చెవిలో అజాన్ చెప్పినారా?"

"ఎవురు చెప్తారు నాయనా?"

ఆయన లేచి, చేదబావి దగ్గర కాళ్లూ చేతులూ మొహం కడుక్కొని వచ్చినాడు. తల మీద రుమాలు కట్టుకున్నాడు. పుట్టిన రోజున చెప్పాల్సింది, ఇన్ని నెలలు ఆలస్యమైంది. ఏడుస్తున్న బిడ్డను రెండు చేతుల్లోకి తీసుకొని, కుడిచెవి దగ్గర పెదవులు పెట్టి, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా అజాన్ చెప్పినాడు. బిడ్డ ఏడుపు ఆపి ఆ వెచ్చని గాలి ఎటునుంచి వస్తున్నదా అని తల తిప్పి చూసింది.

అంతా అయినాక, అల్లుడు పెట్టిన పేరును అదే చెవిలో చెప్పినాడు.

"నీలావతీ. నీ పేరు నీలావతి."